రోడ్డుకు వినపడాలట!

ఫోన్లో నా గొంతు విన్న కొత్తవాళ్ళు నన్ను "సార్" అంటారు. లోన్ కావాలా అని అడిగే బ్యాంకు పిల్లలు, కొరియర్ అబ్బాయిలు, అందరూ అంతే. అననీ! మొదట్లో "సార్ కాదు నాయనా, మేడం" అని సరిచేసేదాన్ని. ఇప్పుడు ఆ ఓపిక కూడా లేదు. ఈ గొంతు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తు హాల్లో, నాలుగు పెద్ద స్పీకర్ల మధ్య నిలబడి, ఏళ్ళ తరబడి అరిచి సంపాదించుకున్నాను.

మొన్న ఏదో పని మీద వెళ్తూ ఒక ఫిట్‌నెస్ స్టూడియో ముందు ఆగాను. అద్దాల్లోంచి లోపల క్లాసు కనపడుతోంది. పాట బయటికి దంచుతోంది. ముందు నిలబడ్డ అమ్మాయి మైకు లేకుండా అరుస్తోంది. మెడ నరాలు రోడ్డు మీదికి కనపడుతున్నాయి. లోపలికెళ్ళి చెప్పాలనిపించింది. ఈ ముసలిదానికెందుకు అనుకుంటుందేమోనని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇంటికొచ్చేదాకా నా మీద నాకే మంట. అందుకే ఇది రాస్తున్నాను. ఏరోబిక్స్ అనండి, డాన్స్ క్లాసు అనండి, పాట పెట్టి పదిమంది చేత చెమటలు పట్టించే పని చేసే పిల్లలందరికీ ఇది. నచ్చితే వినండి. నచ్చకపోయినా వినండి.

నా ఉద్యోగం ఎర్రగడ్డలో ఒక ప్రైవేటు బడిలో మొదలైంది. వ్యాయామం టీచర్ని. డ్రిల్లు చేయించేదాన్ని, ఖోఖో ఆడించేదాన్ని. విజిల్ మర్చిపోయిన రోజు కూడా నాకు ఇబ్బంది ఉండేది కాదు. "లైన్!" అని ఒక్క కేక వేస్తే గ్రౌండు అవతల బడ్డీకొట్టు దగ్గర నిలబడ్డ వెధవలు కూడా పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ కేకంటే నాకు మహా గర్వం. మా ఆయన కూడా పెళ్ళైన కొత్తలో, "నిన్ను పిలవాల్నంటే నేను ఇంట్లకు రావాలె, నన్ను పిలవాల్నంటే నువ్వు ఇంట్లనే ఉంటే చాలు" అనేవాడు.

అప్పుడే సాఫ్ట్‌వేర్ గాలి ఊరంతా కమ్మేసింది. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కంప్యూటర్ కోర్సు, ఏ గోడ చూసినా దాని బోర్డు. పొద్దస్తమానం కుర్చీలకు అతుక్కుపోయిన పిల్లలకు బొజ్జలు రావడం మొదలైంది. అది అందరికన్నా ముందు గమనించిన మనిషి మా ఓనరు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్ళు నడిపినవాడు. హాస్టల్ కుర్రాళ్ళు రెండో ఏటికి ప్యాంట్లు పట్టడం లేదని నవ్వుకోవడం చూసి ఫిట్‌నెస్ స్టూడియో పెట్టాడట. మా బడి ఆటల పోటీలకు ఎవరి బదులో ముఖ్య అతిథిగా వచ్చి నా కేక విన్నాడు. కప్పు ఇవ్వడం మర్చిపోయి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీ గొంతుకు మైకు అక్కర్లేదండీ. రేపే వచ్చి చేరండి. స్టెప్పులు నేర్పించే పూచీ నాది" అన్నాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. మైకు అక్కర్లేని గొంతట! ఆ పొగడ్తకు అర్థం మైకు కొననని చెప్పడమేనని నాకప్పుడు తట్టలేదు.

హాలు బాగుండేది. ఒక గోడంతా అద్దం, దానికెదురుగా రోడ్డు వైపు పెద్ద కిటికీలు. మా కింది అంతస్తులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటు, దాని కింద ఇంకో ఇన్‌స్టిట్యూటు, అందరికన్నా కింద జిరాక్స్ షాపు, మిర్చీ బండి, టీ బండి. పొద్దున క్లాసుకు శ్రీనగర్ కాలనీ ఆడవాళ్ళు, రాత్రి షిఫ్టు దిగి నిద్రమొహాలతో వచ్చే ఆఫీసు పిల్లలు. సాయంత్రం మాత్రం కిక్కిరిసిపోయేది.

చేరిన కొత్తలోనే ఒక వింత చూశాను. నాలుగు స్పీకర్లలో రెండు కిటికీల పక్కనే ఉండి, క్లాసు వైపు కాకుండా రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. ఎవరో తుడుస్తూ పొరపాటున తిప్పారనుకుని సరిచేశాను. మర్నాటికి మళ్ళీ కిటికీల వైపే ఉన్నాయి.

"సార్, గా రెండు స్పీకర్లు రోడ్డు దిక్కు ఎందుకు తిప్పిన్రు? క్లాసు గిక్కడ నడుస్తుంది గదా" అని అడిగాను.

ఓనరు నవ్వాడు. "అమ్మా, అమీర్‌పేటలో ప్రతివాడూ పాంప్లెట్లు పంచుతాడండీ. జనం ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో పడేస్తారు. పాటని పడేయలేరు కదా? మన పాంప్లెట్ పాటేనండీ. కింద నడిచేవాడు తలెత్తి పైకి చూడాలి. చూశాడంటే సగం మెట్లెక్కేసినట్టే!"

ఆయన తెలివితక్కువవాడైతే నాకు ఇంత తంటా ఉండేదే కాదు. నిజంగానే జనం తలెత్తి చూసేవాళ్ళు. నిజంగానే మెట్లెక్కి వచ్చేవాళ్ళు. ఆ దెబ్బతో ఆయనకు ఒక అలవాటు పడింది. సాయంత్రం క్లాసు మొదలవగానే కిందికెళ్ళి టీ బండి పక్కన నిలబడేవాడు. ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో సెల్‌ఫోను. బస్సు హారన్ల మధ్య చెవి పెట్టి విని, పైన రిసెప్షన్‌కు ఫోన్ చేసేవాడు. "ఇక్కడ వినపడట్లేదమ్మా, ఇంకొంచెం పెంచమనండి." రిసెప్షన్ అమ్మాయి వచ్చి పెంచేది. ఇంకో బస్సు వచ్చేది. మళ్ళీ ఫోను. లోపల చెమటోడ్చే మనుషులకు సరిపోయే శబ్దం ఎంతో, కింద రోడ్డు మీద టీ తాగే మనిషి నిర్ణయించేవాడు. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇట్లా జరుగుతుందా? నాకు తెలిసి అమీర్‌పేటలోనే జరుగుతుంది.

దానికి తోడు మా పాటల సీడీలు. ఒక్కో పాట ఒక్కో చోటి నుంచి ఎక్కించినది. ఒకటి గొణుగుతుంది, దాని వెనక వచ్చేది గర్జిస్తుంది. గొణిగే పాట రోడ్డుకు వినపడాలని సౌండు పెంచే నాబ్ పైకి తిప్పి ఉంచేవాళ్ళు. తర్వాతి పాట మొదలయ్యేసరికి గోడ మీది అద్దం వణికేది, మా పక్కటెముకలు కూడా. ఆ మోతలో నేను "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్! రైట్ లెగ్! మోకాలు పైకి!" అని పొలికేకలు పెట్టేదాన్ని. గ్రౌండులో అరిస్తే అరుపు గాలికి పోతుంది. నాలుగు గోడల మధ్య అరిస్తే తిరిగొచ్చి నీ గొంతులోనే దిగుతుంది.

ముందు గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగాను. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను. ఉప్పు నీళ్ళు పుక్కిలించాను. ఆదివారం సెలవు దొరికితే తగ్గేది, సోమవారం సాయంత్రానికి మళ్ళీ మొదటికొచ్చేది. ఒకరోజు క్లాసు మధ్యలో "ఫైవ్" అన్నాను, వచ్చింది. "సిక్స్" అన్నాను, గాలి వచ్చింది. నోరు తెరుస్తున్నాను, గాలి తప్ప ఏమీ రావడం లేదు. అయ్యో, క్లాసు ఆగిపోతుందని భయంతో వెనక్కి తిరిగి చూశాను.

క్లాసు ఆగలేదు! అందరూ అద్దంలో నా కాళ్ళు చూసుకుంటూ గంతులేస్తున్నారు. నా గొంతు పోయిన సంగతి ఒక్కరికీ తెలియలేదు. అంతకు ముందు వినపడి ఉంటే కదా తెలియడానికి! ఇన్నేళ్ళూ నేను ఎవరికోసం అరిచానురా భగవంతుడా అని అక్కడే, గంతులేస్తూనే, నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. చెమటనుకున్నారు అందరూ.

పంజాగుట్టలో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బయట బెంచీ మీద నా పక్కన ఒక చొక్కా టక్ చేసుకున్నాయన మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడో చూసినట్టే ఉంది. తీరా చూస్తే మా కింది అంతస్తు కంప్యూటర్ మాస్టారు! అప్పుడప్పుడు మెట్ల మీద ఎదురుపడి, "మేడం, కొంచెం తగ్గించండి, మా పిల్లలకు పాఠం వినపడట్లేదు" అని బతిమాలేవాడు. ఆయనకూ మాట లేదు, నాకూ మాట లేదు. ఆయన వేలితో పైకప్పు చూపించి, తన గొంతు పట్టుకుని చూపించాడు. మీ పాట మీద అరిచి అరిచి నాకిట్లా అయిందని. నేను నా గొంతు పట్టుకుని నెత్తి బాదుకున్నాను. ఇద్దరం చప్పుడు లేకుండా నవ్వాం. ఎదుటి బెంచీ వాళ్ళు మమ్మల్ని చూసి ఎడంగా జరిగారు.

నవ్వు తగ్గాక నాకు ఒళ్ళు మండింది. నా గొంతు నేను జీతానికి అమ్ముకున్నాను, సరే. ఈయన గొంతెందుకు పోవాలి? ఈయనకు మేమేమైనా ఇస్తున్నామా?

డాక్టరు అద్దం పెట్టి చూసి, "బరువు మోసేవాళ్ళ చేతులకు కాయలు కాస్తాయి చూశారా, అట్లాగే మీ స్వరతంత్రుల మీద కాయలు కాశాయి" అన్నాడు. "కొన్నాళ్ళు పూర్తి మౌనం. తర్వాత మామూలుగా మాట్లాడండి, ఇబ్బంది లేదు. అరుపు మాత్రం ఇక వద్దు. ఇంకోసారి ఇట్లా చేసుకున్నారంటే అరుపు సంగతి అటుంచండి, మాట కూడా మిగలదు."

మా ఆయన ఆ మాట విని, "అబ్బ, ఇన్నేండ్లకు ఇంట్ల శాంతి" అన్నాడు. నేను గరిటె చూపించాను. కానీ రాత్రి ఆయనే పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, అమ్మను ఏదీ అడగొద్దని చెప్పడం విన్నాను. నా జీతం లేకపోతే ఆ ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు. అరిస్తే గొంతు పోతుంది, అరవకపోతే ఉద్యోగం పోతుంది. నా బతుకు ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది.

మౌనం ముగిసి, ఇప్పుడు ఫోన్లో అందరూ సార్ అంటున్నారే, ఆ మగ గొంతు తీసుకుని పనికి తిరిగి వెళ్ళాను. అప్పటికే ఓనరు ఒక కొత్త అమ్మాయిని పెట్టేశాడు. రాజమండ్రి వైపు పిల్ల. కంప్యూటర్ కోర్సుకని వచ్చి, ఉద్యోగం రాక, హాస్టల్లో ఉండి ఇంటికి ఇంకా చదువుతున్నానని చెప్పుకుంటోంది. డాన్సు బాగా చేస్తుంది. గొంతు గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. ఓనరు ఆమె భుజం తట్టి నాకు చూపించి, "ఈ అమ్మాయి గొంతుకు కూడా మైకు అక్కర్లేదండీ!" అన్నాడు.

అవే మాటలు! నన్ను పొంగించిన మాటలే ఆ పిల్లకూ వడ్డించాడు. ఆ పిల్ల కూడా నాలాగే పొంగిపోయింది. పాపం, మొహంలో తెలుస్తోంది.

"సార్, నాకు మైకు కావాలె" అన్నాను.

"మైకేంటండీ మేడం, ఇదేమన్నా రైల్వే స్టేషనా?"

"మైకు లేకుంటే నేను అరవను సార్. డాక్టర్ వద్దన్నడు."

వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగి, చివరికి తలకు తగిలించుకునే మైకు ఒకటి కొన్నాడు. అది బిగించడానికి బల్కంపేట నుంచి ఒకాయన వచ్చాడు. బోనాలకు బండి మీద సౌండు పెట్టేది ఆయనే, ఫంక్షన్ హాళ్ళకు పెట్టేది ఆయనే. చెవుల్లో ఎప్పుడూ దూది. మేమందరం మైక్ అన్న అనేవాళ్ళం. మైకు తగిలించి నేను "హలో" అన్నానో లేదో, కుయ్యోమని ఒక కూత. అందరూ చెవులు మూసుకున్నారు. ఓనరు మొహం వెలిగింది.

"చూశారా? మన హాలుకి మైకు పడదండీ" అని దాన్ని పెట్టెలో పెట్టి బీరువాలో దాచేశాడు. ఆ తర్వాత మెంబర్ల పుట్టినరోజులకు మాత్రం బయటికి తీసి, తనే తగిలించుకుని హ్యాపీ బర్త్‌డే చెప్పేవాడు.

మైక్ అన్న మెట్లు దిగుతూ నన్ను ఆపాడు. "అక్కా, హాలుకు మైకు పడక కాదు. స్పీకర్ల మొకం తప్పున్నది. మైకు ముంగట స్పీకర్ పెడితే దాని సప్పుడు అదే విని కూత పెడ్తది. రోడ్డు దిక్కు పెట్టిన పెట్టెలు లోపలికి తిప్పి, నీ ముంగటికి తెచ్చి, క్లాసు దిక్కు పెట్టాలె. గప్పుడు నువ్వు వాటెనక ఉంటవు. కిటికీలు మూస్తే సగం సౌండుతోనే పని అయితది. గదే చెప్పిన, మీ సారు ఇనడు."

"జర నాకు చూపిస్తవా అన్నా?"

"ఆదివారం తాళం చెవి తే."

ఆదివారం క్లాసులుండవు. కొత్త అమ్మాయిని కూడా రమ్మన్నాను, వెనక వరసలో నిలబడి వినడానికి ఒక మనిషి కావాలని. ఇక్కడ మీరు చెవి పెట్టి వినాలి పిల్లలూ, ఎందుకంటే ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మైక్ అన్న పాట అసలు పెట్టనే లేదు. ముందు మైకొక్కటే పెట్టాడు. "ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడక్కా" అన్నాడు. వెనక నిలబడ్డ అమ్మాయి చెయ్యెత్తేదాకా మైకు కొంచెం కొంచెం పెంచాడు. అది అక్కడ వదిలేసి, అప్పుడు పాటను అడుగు నుంచి మెల్లగా పైకి తెచ్చాడు. నా మాట మునుగుతోందనగానే ఆపి, ఒక పిసరు వెనక్కి తీశాడు. మనిషి గొంతు పలికే స్థాయిలో పాటను కొంచెం అణిచాడు, కింది దరువును మాత్రం ఉంచాడు. దరువు కాలికి అందితే చాలట, చెవి మాత్రం మాటకు వదిలేయాలట. సీడీలో ప్రతి పాటా వేసి చూసి, గర్జించే వాటిని తగ్గించి, గొణిగే వాటిని పెంచి, అన్నీ ఒకే వరసకు తెచ్చి కొత్త సీడీ చేయిస్తానన్నాడు.

"సౌండంటే పెంచుడు కాదక్కా, పంచుడు. నీకింత, పాటకింత. గంతే" అన్నాడు.

నేను మామూలు గొంతుతో, ఈ బొంగురు గొంతుతో, "కుడి కాలు ముందుకు, భుజాలు వదిలెయ్యి" అన్నాను. అటు చివర ఆ అమ్మాయి కుడి కాలు ముందుకేసి భుజాలు వదిలేసింది. అద్దం వైపు తిరగలేదు, నన్ను చూడలేదు. విని చేసింది! నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. మైకు ఇంకా పెట్టుకునే ఉన్నానేమో, ఏడుపు కూడా హాలంతా వినపడింది. మైక్ అన్న గబగబా వచ్చి మైకు ఆపేశాడు.

"ఫికర్ చెయ్యకు అక్కా, గిది సుత మంచిగనే వినొచ్చింది" అన్నాడు.

సోమవారం ఓనరు వచ్చి స్పీకర్లు చూసి, ఇద్దరు మనుషుల్ని పిలిచి మళ్ళీ రోడ్డు వైపు తిప్పించాడు. మైకు మళ్ళీ బీరువాలోకి. నేను అరవడం మానేశాను. చేతులతోనే సైగలు చేసి క్లాసు నడిపాను. సాయంత్రం క్లాసులన్నీ ఆ అమ్మాయికి పోయాయి. ఉగాది వచ్చేసరికి ఆ పిల్ల కూడా బుగ్గన కరక్కాయ పెట్టుకుని తిరుగుతోంది. ఏంటి సంగతి అంటే, "ఏం లేదు మేడం, హాస్టల్ నీళ్ళు పడట్లేదు" అంది.

ఇంతలో ఓనరు పంజాగుట్టలో రెండో బ్రాంచి మొదలుపెట్టాడు. మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తు, నేల నుంచి పైకప్పు దాకా జరిపే అద్దాల కిటికీలు. నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"మేడం, ఓపెనింగు రోజు డెమో క్లాసు మీదేనండీ. మైకూ గీకూ లేకుండా, పాత పద్ధతిలో. పంజాగుట్ట సర్కిల్ దాకా అదిరిపోవాలి. ఆ రోజు మీ గొంతు పలికిందా, ఆ బ్రాంచి మీ చేతిలో పెడతాను. పలకలేదనుకోండి, ఆ అమ్మాయి ఉంది. మీరు రెస్టు తీసుకోండి. నాకు మీ మీద కోపం లేదమ్మా, వ్యాపారం."

"రెస్టు" అనే మాటకు అర్థం నాకు తెలుసు. ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ, "ఉద్యోగం పోతే ఇంకోటి చూస్కుందం. గొంతు యాడికెళ్ళి తెస్తం?" అన్నాడు. అంతే, నాకు భయం పోయింది. భయం పోయిన ఆడదానితో వ్యాపారం చేయడం కష్టం. ఆ సంగతి మా ఓనరుకు తెలియదు.

ముందే చెప్పేస్తున్నాను, ఆ ఉద్యోగం నాకు మిగల్లేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకా చాలా హాళ్ళలో పని చేశాను. ఎక్కడికెళ్ళినా నా షరతు ఒకటే, మాట వినపడ్డాకే పాట. ఒప్పుకోని చోట చెప్పులేసుకుని వచ్చేశాను. గర్వంగానే చెబుతున్నాను.

ఓపెనింగు రోజు పొద్దున్నే మైక్ అన్ననూ, కొత్త అమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. కింద షామియానా వేస్తున్నారు. ఓనరు పూలదండల వాళ్ళతో గొడవలో ఉన్నాడు. పైన స్పీకర్లన్నీ కిటికీలకు మొహం పెట్టి, క్లాసుకు వీపు చూపిస్తున్నాయి. మేం ముగ్గురం కలిసి ఒక్కొక్కటీ తిప్పాం. కిటికీలు జరిపి బిగించాం. బీరువా నుంచి నేను ముందు రోజే తెచ్చి పెట్టుకున్న మైకు తగిలించుకున్నాను. మైక్ అన్న కొత్త సీడీ పెట్టాడు. ఆదివారం చేసినట్టే, ముందు నా మాట, తర్వాత పాట. లెవెల్ కుదరగానే నేను యాంప్లిఫయర్ మీద ఉన్న పెద్ద నాబ్ పట్టుకుని గట్టిగా లాగాను. అది ఊడి చేతిలోకొచ్చింది. నడుముకున్న పౌచ్‌లో వేసుకుని జిప్ పెట్టుకున్నాను.

అమ్మాయి నోరెళ్ళబెట్టింది. "మేడం! సార్ చంపేస్తారు మేడం!"

"ఆయన చంపకుంటే పాట చంపుతది. ఏదో ఒకటి ఎంచుకోవాలె గదా బిడ్డా" అన్నాను.

మెంబర్లు వరసలు కట్టారు. సగం మంది అమీర్‌పేట నుంచి వచ్చిన మా వాళ్ళే. ముందున్న మెట్టు ఎక్కి మొదలుపెట్టాను. "నమస్తే అందరికీ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గంతు వద్దు, నడక చాలు" అన్నాను. వెనక వరసలో శ్రీనగర్ కాలనీ ఆంటీ ఒకావిడ, "అమ్మో, మీరు ఇవన్నీ చెబుతుంటారా?" అంది. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకేం, రిసెప్షన్ ఫోను మోగింది. రిసెప్షన్ అమ్మాయి ఎత్తి, "ఇంకొంచెం పెంచమంటున్నారు మేడం" అని సైగ చేసింది. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ మోగింది. మళ్ళీ ఊపాను. కింద రోడ్డు మీద మా ఓనరు చెయ్యి గాల్లో పైకి పైకి ఊపుతూ కిటికీ అద్దంలోంచి కనపడుతున్నాడు. నేను ఆయనకు చెయ్యూపి, క్లాసు వైపు తిరిగి, "ఇప్పుడు ఎడమ కాలు" అన్నాను. ఒట్టు, నా జీవితంలో అంత హాయిగా ఏ క్లాసూ చెప్పలేదు.

కాసేపటికి తలుపు దభీమని తెరుచుకుంది. ఓనరు. చొక్కా అంతా చెమట. నేరుగా యాంప్లిఫయర్ దగ్గరికి పోయాడు. చెయ్యి నాబ్ కోసం తడిమింది. నాబ్ ఉండాల్సిన చోట సన్నని ఇనప పుల్ల నిక్కబొడుచుకుని ఉంది. రెండు వేళ్ళతో పట్టుకు తిప్పబోయాడు, వేళ్ళు జారిపోయాయి.

"నాబేది?" అని అరిచాడు.

"నా దగ్గరున్నది సార్" అన్నాను మైకులో. హాలంతా విన్నారు.

ఆయన మైక్ అన్న మీద పడ్డాడు. "కటింగ్ ప్లేయర్ ఇవ్వవయ్యా, ఆ పుల్ల పట్టి తిప్పాలి!"

"బల్కంపేటల మర్చిపోయిన సార్" అన్నాడు మైక్ అన్న. కటింగ్ ప్లేయర్ ఆయన వెనక జేబులోంచి సగం బయటికి కనపడుతూనే ఉంది.

ఓనరు నా వైపు తిరిగాడు. మామూలుగా "అమ్మా", "అండీ" అనే మనిషి, ఆ రోజు ఆ రెండూ మర్చిపోయాడు. "దిగు. నువ్వు దిగు అక్కణ్ణించి. అమీర్‌పేటకి కూడా రానక్కర్లేదు" అన్నాడు. పాట నడుస్తోంది, కాళ్ళు ఆగిపోయాయి. అందరి ముందు, ఇన్నేళ్ళ పని తర్వాత, దిగు అన్నాడు. అయినా నేను అరవలేదు. "దిగుతున్న సార్. అరిచి కాదు, మాట్లాడి దిగుతున్న. అది చాలు నాకు" అన్నాను. ఆ మాట కూడా చివరి వరసకు వినపడే ఉంటుంది.

మైకు తీసి పట్టుకున్నాను. ఓనరు కొత్త అమ్మాయికి వేలు చూపించాడు. "నువ్వెక్కమ్మా. ఆ దిక్కుమాలిన మైకు అక్కర్లేదు. కిటికీలు తెరిపిస్తాను, గట్టిగా అరువు. రోడ్డుకు వినపడాలి. ఈ బ్రాంచి నీదే అనుకో."

ఆ పిల్ల నా దగ్గరికొచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ళు దాటిన పిల్ల. ఇంటికి అబద్ధం చెప్పి హాస్టల్లో బతుకుతున్న పిల్ల. బుగ్గన కరక్కాయ ముక్క అటునుంచి ఇటు కదులుతోంది. ఆ బ్రాంచి తీసుకోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. నేను పౌచ్ జిప్ తీసి, నాబ్ ఆమె అరచేతిలో పెట్టాను.

"నీ గొంతు బిడ్డా. నీ ఇష్టం" అన్నాను.

ఆమె నాబ్ వైపు చూసింది. కిటికీలు తెరవడానికి పోతున్న ఓనరు వైపు చూసింది. తర్వాత పిడికిలి మూసి, నాబ్‌ను తన ప్యాంటు జేబులో వేసుకుంది. నా చేతిలోంచి మైకు తీసుకుని తలకు తగిలించుకుంది. మెట్టు ఎక్కి, గొంతు సవరించుకుని, అరవకుండా, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. వెనక వరస దాకా ప్రతి అక్షరమూ వినపడింది.

"కిటికీలు ముట్టుకోకండి సార్. వెళ్తూ ఆ తలుపు కూడా వేసి వెళ్ళండి."